మొదటి సంతకం మద్యనిషేధం మీదే అంటారు, ఎన్నిసార్లు విన్నాం?

నెల్లూరు_కారం (పెరంబూరు)
శనివారం రాత్రి 9:12

నిన్న సాయంత్రం ఇక్కడ చెన్నైలో మా వీధి చివర ఒక పార్టీ మీటింగు జరిగింది. ఏ పార్టీ అని అడగొద్దు, చెప్తే థ్రెడ్ మొత్తం దాని మీదికే పోతుంది. మైకు ముందు ఒకాయన గొంతు చించుకుంటున్నాడు, తల్లులారా, అక్కచెల్లెళ్ళారా, మేమొస్తే మందు షాపులు మూయిస్తాం, మీ కన్నీళ్ళు తుడుస్తాం అని. అదే మీటింగుకి మగవాళ్ళను వ్యానుల్లో తోలుకొచ్చింది క్వార్టరూ బిర్యానీ పొట్లమూ ఇచ్చి. నేను నవ్వుకుంటూ ఇంటికొచ్చి మా అమ్మతో చెప్తే ఆవిడ నవ్వలేదు. "వాడు మనసులో ఏమనుకుంటే మనకెందుకురా, మూస్తే చాలు కదా" అంది.

అప్పట్నుంచీ ఈ మాట బుర్రలో తొలుస్తోంది. మా అమ్మ పుట్టిల్లు కలిగిరి మండలం, సారా వ్యతిరేక ఉద్యమం మొదలైన దూబగుంట ఉన్న మండలమే. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు పుస్తకంలో సారా గురించిన పాఠం చదివి, మరి మన ఊళ్ళో సంగతేంటి అని లేచి వెళ్ళి దుకాణం మూయించారు. 1992లో అది జిల్లా అంతా అంటుకుంది. చీపుళ్ళు, కారప్పొడి పట్టుకుని నిలబడ్డారు, సారా వేలంపాటలు జరగనివ్వలేదు. దూబగుంట ఆడవాళ్ళను ముందుండి నడిపిన రోశమ్మ ఏ పార్టీ లీడరూ కాదు. అప్పటి కాంగ్రెస్ ప్రభుత్వం ముందు నెల్లూరు జిల్లాలో, తర్వాత 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా ఆపేసింది. ఎన్టీఆర్ ఇంకో అడుగు ముందుకేసి అసలు ఏ మందూ ఉండదు అన్నాడు, 1994 డిసెంబరులో 216 సీట్లతో వచ్చాడు, 1995 జనవరి నుంచి అమలు చేశాడు. తమాషా ఏంటంటే, 80ల్లో ప్రభుత్వమే సారా సరఫరా చేసే వారుణి వాహిని పెట్టింది కూడా ఆయన ప్రభుత్వమే.

మరి ఆయన మారాడా, గాలి మారిందా? ఇలాంటి విషయాల్లో నాయకుడు నమ్మి మాట్లాడుతున్నాడా ఓట్ల కోసం మాట్లాడుతున్నాడా అన్నది మనం పట్టించుకోవాలా, లేక మా అమ్మ చెప్పిందే కరెక్టా? మీరేమంటారు.

ఓఎంఆర్_కుర్రోడు
శనివారం రాత్రి 9:40

ఇందులో డౌటేముంది అన్నా, ఓట్ల కోసమే. నాకు ఇందులో తప్పు కూడా కనపడదు. మా ఆఫీసులో కస్టమర్ ఏది అడిగితే అదే చేస్తాం, మాకు అది నచ్చిందా లేదా అని ఎవరూ అడగరు. రాజకీయం కూడా అంతే. కాకపోతే మేం చెప్పింది డెలివరీ చేయకపోతే డబ్బులు రావు, వాళ్ళకు ఐదేళ్ళ అడ్వాన్సు ముందే ఇచ్చేస్తున్నాం.

ఇంకోటి, నేను శనాదివారాలు తాగుతాను, దాచుకునేదేం లేదు. ఈ నిషేధం అన్నది ఎప్పుడూ పేదవాడి గ్లాసు మీదే ఉంటుంది. స్టార్ హోటల్ బారు మూస్తామని ఏ మీటింగులోనైనా విన్నారా?

చిత్తూరు_చింతకాయ
శనివారం రాత్రి 9:55

విన్నాం తమ్ముడూ, సరిగ్గా అదే విన్నాం. 2019లో జగన్ గారు దశలవారీ నిషేధం, చివరికి ఐదు నక్షత్రాల హోటళ్ళలో మాత్రమే మందు అన్నారు. గెలిచాక ఏమైంది? షాపులు ప్రభుత్వం చేతికొచ్చాయి, రేట్లు ఆకాశానికి పోయాయి, ఎవరూ పేరు వినని బ్రాండ్లు వచ్చాయి. మా ఊరివాళ్ళు బార్డర్ దాటి తమిళనాడు వచ్చి కొనుక్కుపోయేవాళ్ళు.

దానికి ఎదురుగా పుట్టిన హామీలు చూడండి. 2021 డిసెంబరులో విజయవాడ సభలో అప్పటి బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు సోము వీర్రాజు గారు, మాకు అధికారమిస్తే క్వార్టర్ 75 రూపాయలకే, ఆదాయం బాగుంటే 50కే అన్నారు. దేశమంతా నవ్వింది. కానీ 2024 ప్రచారంలో చంద్రబాబు గారు తక్కువ రేటుకే నాణ్యమైన మందు అంటే ఎవరూ నవ్వలేదు, ఓట్లేశారు, ఆ అక్టోబరు నుంచి 99 రూపాయల క్వార్టర్ వచ్చింది కూడా. ముప్పై ఏళ్ళ కింద అదే పార్టీ పూర్తి నిషేధం హామీతో గెలిచింది. ఇప్పుడు చవక మందు హామీతో గెలిచింది. రెండుసార్లూ జనం మాటే విన్నామంటారు. అబద్ధం కూడా కాదు.

కొరుక్కుపేట_అక్క
శనివారం రాత్రి 10:20

జనం మాట అంటే ఏ జనం మాట? 1994లో విన్నది ఆడవాళ్ళ మాట. 2024లో విన్నది మగవాళ్ళ మాట. అంతే తేడా.

చిత్తూరు_చింతకాయ
శనివారం రాత్రి 10:24

అక్కా, దీనికి నా దగ్గర జవాబు లేదు.

పాత_మద్రాసు (ట్రిప్లికేన్)
శనివారం రాత్రి 11:05

నా వయసు డెబ్బై దాటింది, కొంచెం వెనక్కి పోనివ్వండి. నమ్మి చేసినవాళ్ళు అసలు లేరని అనుకోకండి. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధాని అయిన రాజాజీ ఆ అక్టోబరులోనే సేలం జిల్లాలో నిషేధం పెట్టాడు. మరుసటి ఏడు మన చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. అప్పట్లో కల్లు, సారా మీద వచ్చే ఎక్సైజు ప్రభుత్వానికి పెద్ద ఆదాయం. ఆ లోటు పూడ్చడానికి ఆయన 1939లో అమ్మకపు పన్ను తెచ్చాడు. వ్యాపారస్తులంతా మండిపడ్డారు. ఇవాళ మనం కట్టే జీఎస్టీకి ముత్తాత అదే. నా మాట ఏంటంటే, నిజంగా నమ్మినవాడు ఆ డబ్బు ఇంకెక్కడ్నుంచి తెస్తాడో కూడా చెప్తాడు, దానికి తిట్లు తింటాడు.

ఇంకో కథ. ఆంధ్ర రాష్ట్రం పుట్టి ఏడాది దాటిందో లేదో, 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం పడిపోయింది కదా, ఒక్క ఓటు తేడాతో. దేని మీద? మద్యనిషేధం మీదే. నిషేధం పనిచేయడం లేదు, ఎత్తేయండి అని రామమూర్తి కమిటీ చెప్పింది, ప్రభుత్వం ఎత్తేయలేదు, గౌతు లచ్చన్న గారు అవిశ్వాసం పెట్టారు. లచ్చన్న గారు గీత కార్మికుల నాయకుడు. చెట్టెక్కి కల్లు దించి బతికేవాడికి నిషేధమంటే కడుపు మీద దెబ్బ. ఆయన వైపు నుంచి చూస్తే అదీ సామాజిక న్యాయమే. ఒకరు నిషేధం కోసం కుర్చీ పోగొట్టుకున్నారు, ఇంకొకరు కూలి మనిషి కోసం ప్రభుత్వాన్ని పడగొట్టారు. ఎవరు ఓట్ల కోసం, ఎవరు నమ్మకం కోసం? నాకైతే ఇద్దరూ నిజాయితీపరులే అనిపిస్తారు. ఇప్పుడు అలాంటి గొడవ అసెంబ్లీలో జరుగుతుందా?

ఓఎంఆర్_కుర్రోడు
శనివారం రాత్రి 11:18

తాతగారూ, రాజాజీ గురించి ఒక చిన్న మాట. అదే మనిషి అదే ప్రభుత్వంలో స్కూళ్ళలో హిందీ కూడా తప్పనిసరి చేశాడు కదా? అదీ నమ్మే చేశాడు. ఊరంతా తిరగబడింది, జనం జైళ్ళకు పోయారు, చివరికి 1940లో వెనక్కి తీసుకున్నారు. నమ్మి చేసేవాడంటేనే నాకు భయం. ఓట్ల కోసం చేసేవాడు మనం అరిస్తే వెనక్కి తగ్గుతాడు. నమ్మినవాడు మన మంచికే అని మెడ మీద కూర్చుంటాడు.

పాత_మద్రాసు
శనివారం రాత్రి 11:31

ఈ దెబ్బ నేను ఊహించలేదు బాబూ. కాదనలేను. పొద్దున రాస్తాను, నిద్రొస్తోంది.

లెక్కల_మాస్టారు (అంబత్తూరు)
ఆదివారం ఉదయం 6:50

పెద్దాయన పట్టుకున్న పాయింటు అసలైనది, దాన్ని వదలొద్దు. డబ్బు సంగతి చూద్దాం.

తమిళనాడులో మందు అమ్మే ప్రభుత్వ సంస్థ టాస్మాక్ 1983లో ఎంజీఆర్ కాలంలో హోల్‌సేల్ కోసం పుట్టింది. 2003లో జయలలిత ప్రభుత్వం రిటైల్ కూడా దానికే ఇచ్చేసింది. అప్పట్నుంచి వీధిలో బాటిల్ అమ్మేది ప్రభుత్వమే. 2023-24లో మందు మీద పన్నుల రూపంలో రాష్ట్రానికి వచ్చింది 45 వేల కోట్లకు పైన. ఇది లాభం కాదు, ఎక్సైజూ వ్యాటూ కలిపిన పన్ను.

పక్కన ఇంకో లెక్క పెట్టండి. 2023 సెప్టెంబరులో మొదలైన ఆడవాళ్ళ నెలకు వెయ్యి పథకం, మొదట్లో 1.06 కోట్ల మందికి. ఏడాదికి సుమారు 12,700 కోట్లు. అంటే భర్త జేబులోంచి షాపు కౌంటరు దగ్గర తీసుకున్నదాంట్లో మూడో వంతు కూడా కాదు భార్య ఖాతాలో వేసేది. పథకం మంచిదే, మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఆ వెయ్యితోనే పిల్లాడికి ట్యూషన్ పెట్టింది. కానీ మందు షాపులన్నీ మూస్తాం, వెయ్యిని రెండు వేలు చేస్తాం అని ఒకే నోటితో చెప్పేవాడు దొరికితే మాత్రం కాగితం, పెన్ను చేతికిచ్చి కూడిక చేసి చూపించమనండి.

నెల్లూరు_కారం (పెరంబూరు)
ఆదివారం ఉదయం 8:15

మాస్టారూ, ఎన్టీఆర్ విషయంలో జరిగింది కూడా ఇదే కదా. ఆదాయం పోయింది, రెండు రూపాయల బియ్యం తిరిగొచ్చింది, ఖజానా ఖాళీ. పక్క రాష్ట్రాల నుంచి దొంగ సరుకు వచ్చిపడింది, ఊళ్ళలో నాటు సారా బట్టీలు లేచాయి. 1997లో చంద్రబాబు గారు నిషేధం ఎత్తేశారు. ఆడవాళ్ళు ఊరుకోరు, పార్టీ మునుగుతుంది అన్నారు అందరూ. 1999లో మళ్ళీ గెలిచారు. ఓటు తెచ్చిపెట్టిన హామీని తీసేస్తే ఓటు పోవాలి కదా, పోలేదు. ఇది నాకిప్పటికీ అర్థం కాదు.

మా అమ్మని అడిగితే, "అప్పటికి అలిసిపోయాం, ఎంతకాలమని చీపురు పట్టుకుని నిలబడతాం" అంటుంది. రోశమ్మ 2016లో చనిపోయింది. ఏటా వర్ధంతికో జయంతికో ఏదో ఒక పార్టీవాళ్ళు దండ వేస్తారు.

మెరీనా_గాలి
ఆదివారం ఉదయం 9:02

తమిళనాడు సంగతి మాట్లాడకుండా ఆంధ్రా గొడవేంటండీ, ఉండేది ఇక్కడ. 2015, 16 వరుసగా చూస్తే మీకే తెలుస్తుంది. 2015 జులైలో కరుణానిధి గారు మేమొస్తే నిషేధం అన్నారు. 1971లో నిషేధం ఎత్తేసింది ఆయనే, 1974లో మళ్ళీ పెట్టిందీ ఆయనే, కాబట్టి ఇది మూడో మలుపు అనుకోండి. ఆ నెలాఖరునే శశి పెరుమాళ్ అనే గాంధేయవాది మార్తాండం దగ్గర షాపు మూయమని సెల్ టవర్ ఎక్కి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఎవరి స్టేజీ మీదా ఎక్కని ముసలాయన. అక్టోబరులో మందు షాపుల మీద, అప్పటి ముఖ్యమంత్రి జయలలిత మీద పాట పాడిన కోవన్ అనే జానపద గాయకుణ్ణి రాజద్రోహం కేసులో లోపలేశారు. ఆరు నెలలు తిరగలేదు, 2016 ఏప్రిల్‌లో ఐలాండ్ గ్రౌండ్స్ మీటింగులో అదే ముఖ్యమంత్రి దశలవారీగా నిషేధం తెస్తాం అన్నారు. అంటే పాట పాడితే నేరం, మేనిఫెస్టోలో రాస్తే విధానం!

గెలిచాక మే 23న మొదటి సంతకాల్లో 500 షాపులు మూసేశారు, పొద్దున పదింటికి తెరిచేది మధ్యాహ్నం పన్నెండుకి మార్చారు. తర్వాత ఏడాది పళనిస్వామి గారు ఇంకో 500. 2023 జూన్‌లో డీఎంకే ప్రభుత్వం ఇంకో 500. ఐదొందలు అన్న అంకె మీద ఎందుకంత మోజో.

కొరుక్కుపేట_అక్క
ఆదివారం ఉదయం 9:30

ఐదొందల సంగతి నేను చెప్తా. మా వీధి షాపు ఒకసారి అలాగే మూశారు. సంబరపడ్డాం, మిఠాయి పంచుకున్నాం. ఆ జనమంతా రెండు వీధుల అవతల షాపుకి మళ్ళారు. ఇప్పుడు అక్కడ ముందరికన్నా మూడింతల క్యూ, స్కూలు వదిలే టైముకి ఆడపిల్లలు ఆ దారిన రాలేక చుట్టూ తిరిగొస్తున్నారు. అంకె తగ్గింది, అమ్మకం తగ్గలేదు.

సుప్రీంకోర్టు ఉత్తర్వుతో 2017లో హైవేల పక్క షాపులు తీసేసినప్పుడూ అంతే. హైవే మీద నుంచి లేచి ఊళ్ళలోకొచ్చాయి, ఆడవాళ్ళు రోడ్ల మీదికొచ్చారు.

అయినా నేను నెల్లూరు అన్న వాళ్ళ అమ్మగారి పక్షమే. పన్నెండింటికి తెరిస్తే ఆ రెండు గంటలు మా ఆయన పనికి పోయేవాడు. పొద్దున పదింటికి తెరిచిన రోజుల్లో పోయేవాడు కాదు. ఆ సంతకం ఓట్ల కోసమే పెట్టింది, నాకు తెలుసు. ఆ రెండు గంటల కూలి మాత్రం మా ఇంటికొచ్చింది.

ఓఎంఆర్_కుర్రోడు
ఆదివారం ఉదయం 9:48

అక్కా, నిన్న నేను పేదవాడి గ్లాసు అని డైలాగు కొట్టాను. అందులో మీ ఇల్లు గుర్తు లేదు. సారీ.

సైలెంట్_రీడర్
ఆదివారం ఉదయం 10:10

మూడేళ్ళుగా చదువుతున్నా, మొదటిసారి రాస్తున్నా. 2016లో ఒక విషయం ఎవరూ చెప్పలేదు. ఇక్కడ ఏళ్ళ తరబడి మాట మార్చకుండా నిషేధం అడుగుతున్న పార్టీ పీఎంకే. ఆ ఎన్నికల్లో ఒంటరిగా దాదాపు అన్ని చోట్లా పోటీ చేసింది, మొదటి సంతకం నిషేధం మీదే అని ఊరూరా పోస్టర్లు. వచ్చిన సీట్లు సున్నా. వెంటనే పూర్తి నిషేధం అన్న డీఎంకే ఓడింది. మెల్లమెల్లగా అన్న జయలలిత గెలిచింది. అసలు నిషేధం ఓట్లు తెస్తుందా అన్నదే నా అనుమానం. తెస్తుందని నాయకులు భయపడుతున్నారేమో.

చిత్తూరు_చింతకాయ
ఆదివారం ఉదయం 10:25

పీఎంకేకి రాకపోవడానికి వేరే కారణం ఉంది. అది ఒక కులం పార్టీ అని మిగతావాళ్ళు...

[ఈ పోస్టులో కొంత భాగం తొలగించబడింది]

మోడరేటర్
ఆదివారం ఉదయం 10:41

కులాల పేర్లతో తిట్లు వద్దు. ఓట్లలో కులం పాత్ర ఉందని చెప్పుకోవచ్చు, అది వాస్తవం. ఆ కులంవాళ్ళు ఇలాంటివాళ్ళు అనడం మాత్రం ఇక్కడ కుదరదు. చింతకాయ గారూ, ఇది రెండోసారి.

చిత్తూరు_చింతకాయ
ఆదివారం ఉదయం 10:50

సరే, నాదే తప్పు. నేను చెప్పదలుచుకుంది ఇంతే. నిషేధం నచ్చినా, ఆ పార్టీ తమది అనుకోనివాళ్ళు ఓటెయ్యరు. మనం హామీకి ఓటెయ్యం, హామీ ఇచ్చిన మనిషికి వేస్తాం. అదే మాట వేరే నోట్లోంచి వస్తే గెలుస్తుంది.

పాట్నా_రిటర్న్ (వేళచ్చేరి)
ఆదివారం మధ్యాహ్నం 12:35

బ్యాంకు ఉద్యోగంలో ఐదేళ్ళు పాట్నాలో ఉన్నాను కాబట్టి ఆ ముక్క చెప్తా. 2007లో కొత్త ఎక్సైజు పాలసీ పెట్టి పల్లెపల్లెకీ మందు షాపు తెచ్చింది నితీశ్ కుమార్ ప్రభుత్వమే. అదే నితీశ్, 2015 ఎన్నికల ముందు పొదుపు సంఘాల ఆడవాళ్ళ సభలో వాళ్ళు లేచి అడిగితే, మళ్ళీ వస్తే మూసేస్తా అన్నాడు. గెలిచాడు, 2016 ఏప్రిల్‌లో మూసేశాడు. అంతవరకు ఎన్టీఆర్ కథే. తేడా ఎక్కడంటే ఆయన ఎత్తేయలేదు. ఎన్ని కూటములు మారాడో లెక్కపెట్టడానికి వేళ్ళు చాలవు, ఈ ఒక్క విషయం మాత్రం మార్చలేదు.

అలాగని అంతా బాగుందా అంటే, మా బ్రాంచికి వచ్చే రిక్షా అతను తాగి దొరికి రెండు నెలలు లోపల ఉండొచ్చాడు, బెయిలుకి వాళ్ళావిడ మెడలో ఉన్నది తాకట్టు పెట్టింది. బెయిలు కేసులతో కోర్టులు నిండిపోయాయి. అప్పటి ప్రధాన న్యాయమూర్తి, మన ఎన్.వి. రమణ గారు 2021 డిసెంబరులో విజయవాడలో మాట్లాడుతూ ముందుచూపు లేకుండా చేసిన చట్టాలకు ఉదాహరణగా దాన్నే చెప్పారు. 2022లో సారణ్ జిల్లాలో కల్తీ సారా తాగి పదుల మంది పోయారు. అక్కడే ఇంకో కస్టమరు, నలుగురు పిల్లల తల్లి, ఇప్పుడు ఇంట్లో అరుపుల్లేవు సార్ అని చెప్పింది. ఈ ఇద్దరాడవాళ్ళూ నా కౌంటరు ముందు ఒకే వారంలో నిలబడ్డారు. నేను ఏ పక్షం తీసుకోను?

ఓఎంఆర్_కుర్రోడు
ఆదివారం మధ్యాహ్నం 12:50

కల్తీ సారా అన్నారు కాబట్టి, నిషేధం పెడితే ఇక్కడా అదే అవుతుంది.

లెక్కల_మాస్టారు (అంబత్తూరు)
ఆదివారం మధ్యాహ్నం 1:15

అదంత సింపుల్ కాదు. 2024 జూన్‌లో కళ్ళకురిచ్చిలో అరవై మందికి పైగా పోయినప్పుడు తమిళనాడులో నిషేధం లేదు, షాపులన్నీ తెరిచే ఉన్నాయి. మిథనాల్ కలిపిన ప్యాకెట్టు చవక, షాపులో క్వార్టర్ ఖరీదు. కూలివాడు చవకది తాగాడు. నిషేధం పెట్టినా, పెట్టకుండా పన్ను పెంచుకుంటూ పోయినా, అట్టడుగువాడు చేరేది అదే చోటికి. అప్పుడు మాత్రం అన్ని పార్టీలవాళ్ళూ అక్కడికి వెళ్ళి ఫొటో దిగారు. నిషేధం కావాలని సభలూ పెట్టారు, అధికార కూటమిలో ఉన్నవాళ్ళతో సహా.

హర్యానా కూడా చూడండి, 1996లో బన్సీలాల్ పెట్టాడు, 1998 ఏప్రిల్‌కి ఎత్తేశాడు. ఆంధ్రా, హర్యానా రెండూ రెండేళ్ళ ముచ్చటే. లోటు ఎలా పూడుస్తారో ముందు చెప్పలేదు, రెండేళ్ళకు ఊపిరి అందలేదు.

మెరీనా_గాలి
ఆదివారం మధ్యాహ్నం 2:20

మరి మందు ఒక్కటేనా? 2018లో అన్ని వయసుల ఆడవాళ్ళనూ గుడిలోకి రానివ్వాలని శబరిమల తీర్పు వచ్చిన రోజు స్వాగతించిన పార్టీలవాళ్ళే నాలుగు రోజులకు దానికి ఎదురుగా రోడ్డెక్కారు. అన్నీ ఇంతే. 2017 జనవరిలో జల్లికట్టు కోసం మెరీనాలో కూర్చున్నప్పుడు నేనూ ఉన్నా, కాలేజీ సెకండ్ ఇయర్. మేం ఏ పార్టీ లీడర్నీ స్టేజీ మీదికి రానివ్వలేదు. వచ్చినవాళ్ళను చప్పట్లు కొట్టి తిప్పి పంపాం. వారం తిరిగేసరికి చట్టం వచ్చింది. ఎవరి నోట్లోంచో రావాల్సిన మాట వాళ్ళతో మేమే అనిపించాం. దూబగుంటలో జరిగింది కూడా అదే కదా.

పాత_మద్రాసు (ట్రిప్లికేన్)
ఆదివారం సాయంత్రం 4:40

రాత్రి ఆ కుర్రాడు అన్న మాటతో సరిగ్గా నిద్రపట్టలేదు. జవాబు ఇప్పుడు దొరికింది, తప్పయితే సరిదిద్దండి. నమ్మినవాడు మంచివాడని నేననను. ఓటు కోసం చేసేవాడు చెడ్డవాడనీ అనను. నాయకుడి మనసులోకి మనం తొంగి చూడలేం, చూడక్కర్లేదు కూడా. చూడాల్సింది, ఆ మాట వల్ల తనకు ఏం పోతుందో వాడు చెప్తున్నాడా లేదా అన్నది. రాజాజీ పన్ను వేసి వ్యాపారస్తుల్ని పోగొట్టుకున్నాడు. లచ్చన్న గారు నిషేధం కావాలనేవాళ్ళందర్నీ దూరం చేసుకున్నారు. నిన్న నెల్లూరు బాబు వీధిలో మాట్లాడినాయన ఎవర్ని పోగొట్టుకోడానికి సిద్ధపడ్డాడు? ఆడవాళ్ళకు నిషేధం, మగవాళ్ళకు క్వార్టర్. ఇద్దరూ కావాలి ఆయనకి.

నెల్లూరు_కారం (పెరంబూరు)
ఆదివారం సాయంత్రం 5:05

తాతగారూ, ఇది మా అమ్మకు చదివి వినిపించాను. "ఆయన చెప్పింది బాగుంది కానీ, ఆ లెక్క అడగాల్సింది మీటింగులో. ఇంట్లో కూర్చుని రాస్తే ఎవడికి తెలుస్తుంది" అంది. ఈ ఇంట్లో నా మాట చెల్లదు.

కొరుక్కుపేట_అక్క
ఆదివారం సాయంత్రం 5:30

అమ్మగారికి దణ్ణాలు చెప్పన్నా.

ఇంతమంది ఉన్నారు కాబట్టి ఒక సాయం అడుగుతున్నా. మా దగ్గరి ఆ షాపు ఒక స్కూలు పక్కనే ఉంది. కార్పొరేషన్ పరిధిలో బడికీ గుడికీ యాభై మీటర్ల లోపల షాపు ఉండకూడదని రూలు ఉందంట, నిజమేనా? మేం చీర కొంగులు ముడేసి కొలిచాం, యాభై లేదు. ఒక అధికారిని అడిగితే గేటు నుంచి గేటుకి కొలవాలి, గోడ నుంచి కాదు అన్నాడు. పద్దెనిమిది మంది ఆడవాళ్ళం రేపు సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్సుకి పోతున్నాం. మాకు తెలుగు రాయడం వచ్చు, తమిళం మాట్లాడతాం, రాయలేం.

లెక్కల_మాస్టారు (అంబత్తూరు)
ఆదివారం సాయంత్రం 5:42

రూలు నిజమేనమ్మా. 2003 నాటి రిటైల్ అమ్మకం రూల్సులో ఉంది, కార్పొరేషన్లు, మునిసిపాలిటీల్లో యాభై మీటర్లు, మిగతా చోట్ల వంద. కొంగులతో కాదు, టేపుతో కొలిచి ఫొటో తీయండి, గేటు నుంచి ఒకటి, గోడ నుంచి ఒకటి. రెండు అంకెలూ అర్జీలో రాయండి. టేపు నా దగ్గరుంది, యాభై మీటర్లది.

మెరీనా_గాలి
ఆదివారం సాయంత్రం 5:50

తమిళంలో నేను రాస్తా. స్కూలు చదువంతా తమిళ మీడియమే. వివరాలు మెసేజ్ చెయ్యండక్కా, రాత్రికల్లా పంపుతా. షాపు మూయమని రాయనా, మార్చమని రాయనా?

కొరుక్కుపేట_అక్క
ఆదివారం సాయంత్రం 5:58

మూయమనే రాయి తల్లీ. మార్చమంటే ఇంకో వీధిలో పెడతారు, అక్కడా మనలాంటోళ్ళే ఉంటారు.

పాత_మద్రాసు (ట్రిప్లికేన్)
ఆదివారం సాయంత్రం 6:10

కలెక్టరాఫీసు ఉన్నది రాజాజీ సాలైలోనే, బీచ్ స్టేషన్ దగ్గర. ఆయన వింటే సంతోషిస్తాడు. నేను వస్తాను, ముసలివాణ్ణి చూస్తే కుర్చీ వేస్తారు కనీసం. ఎన్ని గంటలకు?

కొరుక్కుపేట_అక్క
ఆదివారం సాయంత్రం 6:14

తొమ్మిదిన్నరకల్లా గేటు దగ్గర ఉండండి తాతగారూ. ఓఎంఆర్ తమ్ముడూ, నువ్వూ రా, ఆఫీసుకి లీవు పెట్టుకో.

ఓఎంఆర్_కుర్రోడు
ఆదివారం సాయంత్రం 6:31

వర్క్ ఫ్రమ్ హోం పెట్టుకుని వస్తా అక్కా. తాగేవాడు షాపు మూయమని అర్జీ ఇస్తే తీసుకుంటారా?

కొరుక్కుపేట_అక్క
ఆదివారం సాయంత్రం 6:33

సంతకం పెట్టు చాలు.